గేటు బయటి మంచం

వీధి మలుపు తిరగగానే నిరోషకు మొదట మంచం కనిపించింది. ఆ తరువాత మంచం మీది మనిషి కనిపించాడు.

మంచం వాళ్లదే. నీలం నవారు, తలాపు వైపు పట్టెకు మొగుడు మల్లేష్ కట్టిన తాడు, గుర్తుపట్టడానికి ఇంకేం కావాలి. మనిషి ఆమె మామ పెద్దులు. ఇంటి ఓనరు శ్యామలమ్మ గేటు బయట, పక్కింటి రేకుల చూరు కింద, సగం నీడలో సగం వానలో పడుకోబెట్టారు. ఛాతీ మీద ఎవరో యూరియా సంచి కప్పారు. వాళ్ల దయ అంతవరకే. కాళ్లు మోకాళ్ల దాకా తడుస్తున్నాయి.

నిరోష గొడుగును అక్కడే వదిలేసి ఉరికింది. కొంగుతో ఆయన కాళ్లు తుడిచి, మంచాన్ని ఒక్కతే గోడ వైపు ఈడ్చింది. పెద్దులు కళ్లు తెరిచే ఉన్నాడు. ఏమైంది మామా అని అడిగితే పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఇక చేసేదేమీ లేదు, నొప్పికి గోలీలు వేస్తూ ఇంట్లోనే చూసుకొమ్మని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆయనకు మాట వస్తే వస్తుంది, లేకుంటే లేదు. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

అంటే తనను మోసుకొచ్చి ఇక్కడ పెడుతున్నప్పుడు ఎవరేమన్నారో ఆయన అంతా విన్నాడు.

అది తట్టగానే నిరోషకు ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోని గోలీల సంచి మామ తలగడ కింద పెట్టి గేటు తోసింది.

గేటు వెనకే యాదమ్మ నిలబడి ఉంది. పక్క వాటాలో కిరాయికుండే మనిషి. పొద్దున నిరోష దవాఖానకు పోతూ, అర్ర తాళంచెవి ఇచ్చి, ఒక్క పూట మామను చూస్తుండమని అప్పజెప్పింది ఈమెకే.

యాదమ్మ నేల చూస్తూ జరిగింది చెప్పింది. నువ్వు పోయిన కాసేపటికే శ్యామలమ్మ తన దగ్గరున్న రెండో తాళంచెవితో మీ అర్ర తెరిచింది. నల్లా కారుతుందేమో చూస్తానని పోయింది. పోయినామె పోయినట్టే అరుచుకుంటూ బయటికొచ్చి కొడుకు కమలాకర్‌కు ఫోన్ చేసింది. అతను తన ఎరువుల దుకాణం నుంచి ఒక మనిషిని వెంటేసుకొచ్చాడు. ఇద్దరూ కలిసి మంచం వాల్చి, పెద్దులును దాని మీద పడేసుకుని, బయటికి మోశారు.

"నన్ను గేటు తెరిచి పట్టుకోమన్నరు," అంది యాదమ్మ. "పట్టుకున్న."

నిరోష ఆమెను ఏమీ అనలేదు. అంటే బాగుండునని యాదమ్మకే అనిపించి ఉంటుంది.

శ్యామలమ్మ ఆ పాటికి తన వరండాలోకి వచ్చి నిలబడింది. ముందు పెద్దిల్లు ఆమెది. వెనక వరసగా కట్టించిన వాటాలు కిరాయివి. నడుముకు దోపుకున్న తాళాల గుత్తిలో ప్రతి వాటాకూ ఒక చెవి ఉంటుంది. హాలియా ఊర్లో అందరు ఓనర్లకూ అలవాటే అది. కాకపోతే మిగతావాళ్లు వాటిని గూట్లో పెట్టి మరిచిపోతారు.

"నామీద కండ్లెర్ర జెయ్యకు నిరోషా," అంది శ్యామలమ్మ. "తప్పు నీది. పానం పోయే మనిషిని కిందికి దించి, మంచం ఎత్తి నిలబెట్టి, నాకొక్క మాట జెప్పకుంట తాళమేసి పోయినవు. నీ ఇంట్ల అయితే గట్లనే చేస్తవా?"

ఆమె అన్నది ఊరికే కాదు. ఆ వైపు పల్లెల్లో పోయే ప్రాణాన్ని మంచం మీద పోనివ్వరు. ఊపిరి ఎగబోస్తుండగానే మనిషిని నేల మీదికి దించుతారు, మంచాన్ని ఎత్తి గోడకు నిలబెడతారు. నిలబెట్టిన మంచం చూస్తే ఇంకెవరూ ఏమీ అడగరు. శ్యామలమ్మ తన అత్తను దింపించింది, మామను దింపించింది, కట్టుకున్నవాడిని కూడా దింపించింది. అర్ర తలుపు తీసి, చాప మీద పెద్దులును, గోడకు ఆనిన మంచాన్ని చూసేసరికి ఆమె కూడా ఏమీ అడగలేదు.

ఆమె భయానికి వెనక ఒక కథ ఉంది. ఇదే వాటాలో అంతకుముందు ఒక ముసలామె పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదని పంతులు పెద్దింటితో సహా అంతా ఆరు నెలలు మూసిపెట్టమన్నాడు. శ్యామలమ్మ తన సొంత ఇంటికి తాళం వేసుకుని, కేతేపల్లిలో తమ్ముడి ఇంట్లో, మరదలు పెట్టినప్పుడు తిని, పెట్టనప్పుడు ఊరుకుని వచ్చింది. ఆ ఆరు నెలలు ఆమెకు ఈనాటికీ మానలేదు. ఆమె బాధ అబద్ధమని ఎవరూ అనరు. కాని బాధ ఉన్నవాళ్లందరూ ముసలివాళ్లను తీసుకుపోయి వానలో పెట్టరు.

నిరోష వరండా మెట్ల ముందు నిలబడి, వానలో తడుస్తూ, ఆమెనే చూసింది. శ్యామలమ్మకు ఆ చూపు నచ్చలేదు. నేను మనిషిని కానా అంది. కప్పుకోను సంచి ఇచ్చానంది. మల్లేష్ వచ్చాక ఆటో పిలిచి సొంత ఊరికి తీసుకుపోతారని, చావు అక్కడైతే అందరికీ మర్యాద అని అంది. సొంత ఊర్లో వాళ్లకు గోడలు తప్ప ఇల్లు లేదని ఆమెకూ తెలుసు.

"పెద్దమ్మా," అంది నిరోష చివరికి. "మా మామకు మాట లేదు గాని చెవులున్నయి. ఇదంతా ఆయన వింటున్నడు."

శ్యామలమ్మ గొంతు తగ్గించింది. అంతే గాని మాట మార్చుకోలేదు.

ఇంతలో మల్లేష్ వచ్చాడు. రైసుమిల్లులో బస్తాలు మోసే మనిషి, ఒంటినిండా ఊక. యాదమ్మే ఫోన్ చేసిందట. గేటు బయట తండ్రిని చూసి ఒక్క క్షణం ఆగాడు. తల నిమిరాడు. తరువాత లోపలికి వచ్చి, ఏం జరిగిందని పెళ్లాన్ని ఒక్క మాట అడగకుండానే, శ్యామలమ్మకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పయింది పెద్దమ్మా. ఇంకొక్కపారి కాదు. జర లోపటికి తీసుకపోనియ్యుండ్రి."

ఇంతసేపూ నిరోష ఓర్చుకున్నది ఇక్కడ తెగింది. ఓనరు మీది కోపం ఒక ఎత్తు, మొగుడి చేతులు చూసిన కోపం ఒక ఎత్తు.

"ఏం తప్పయింది?" అని అడిగింది. "ఎవరు చేసిండ్రు? చెప్పు. నాకు తెల్వదు గదా, చెప్పు."

మల్లేష్ ఊరుకొమ్మని కళ్లతో సైగ చేశాడు. ఆమె ఊరుకోలేదు. ఆ చేతులు దించమంది. నీ తండ్రి నిన్ను కని, నెత్తి మీద బుట్టలు మోసి పెంచింది ఇలా జోడించడానికేనా అంది. మిల్లులో సేటుకు జోడిస్తావు, ఇక్కడ ఈమెకు జోడిస్తావు, ఇంటికొచ్చి నా మీద ఎగురుతావు అంది. నలుగురి ముందు అనకూడని మాటే. అనేసింది. మల్లేష్ ముఖం నల్లబడింది. చేతులు మాత్రం విడిపోలేదు.

 రేకుల మీద వాన చప్పుడొక్కటే ఉంది. గేటు బయట పెద్దులు దగ్గాడు, ఆగాడు, మళ్లీ దగ్గాడు.

నిరోష మొగుడి వైపు చూడడం మానేసి శ్యామలమ్మ వైపు తిరిగింది. ఈసారి గొంతు చల్లగా ఉంది. ఆమె కేకలు వేసినప్పటికంటే ఇప్పుడు శ్యామలమ్మకు ఎక్కువ భయం వేసింది.

"ఇల్లు మీది పెద్దమ్మా. చూసుకోవద్దని నేననను. కానీ చూసే తీరొకటి ఉంటది. రేపొస్త అని ముందుగాల ఒక మాట జెప్పాలె. మేమున్నప్పుడు రావాలె. తలుపు తట్టాలె. తీస్తే లోపటికి రావాలె. మీరేం జేసిండ్రు? మామను దవాఖాన నుంచి తెచ్చిన కాడికెళ్లి ఒక్క పొద్దు ఇడువలేదు. నల్లా చూస్త అని వచ్చుడు, కరెంటు బోర్డు చూస్త అని వచ్చుడు. నేను తానం జేస్తుంటే కూడ తాళం తీసుకొని వచ్చిండ్రు. నల్లా దిక్కు ఒక్కసారన్న చూసిండ్రా? మీ చూపంత మా మామ రొమ్ము మీద. లేస్తున్నదా, పడుతున్నదా అని."

శ్యామలమ్మ కాదనబోయింది. నిరోష ఆగలేదు.

"ఇల్లు చూడనీకొచ్చినోళ్లు ఇల్లు చూడాలె. మనిషి ఊపిరి కాదు."

యాదమ్మ పమిట కొంగు నోట్లో పెట్టుకుంది. ఆమె వాటాలోకీ శ్యామలమ్మ అలాగే వస్తుంది. మూత తీసి కూరేమిటో చూసి పోతుంది. మనసులో తిట్టుకోవడమే గాని యాదమ్మ ఏనాడూ పైకి అనలేదు.

"ఇప్పుడు నేనే పిలుస్తున్న," అంది నిరోష. "రాండ్రి. ఇల్లు చూడుండ్రి. కిందికి ఎందుకు దించిన్నో చూపిస్త."

శ్యామలమ్మ రానంది. ఆమె వచ్చేదాకా అక్కడి నుంచి కదలనని నిరోష నిలబడింది. గోడవతల ఇళ్ల కిటికీల్లో తలలు కనిపించడం మొదలైంది. పరువు అనేది శ్యామలమ్మ మోకాళ్ల నొప్పికంటే పెద్దది. మెట్లు దిగింది.

అర్ర తలుపు తెరిచే ఉంది. లోపలికి పోగానే ఆమె కళ్లు అలవాటు కొద్దీ నేల మీదికే పోయాయి. పొయ్యి పక్క మూలకు పరిచిన చాప, దాని మీద తలగడ పెట్టిన గుర్తు. చూశావా, ఇక్కడే దించావు అన్నట్టు వేలు చూపింది.

"కింద కాదు పెద్దమ్మా," అంది నిరోష. "మీదికి చూడుండ్రి."

శ్యామలమ్మ తల ఎత్తింది. ఇన్ని రోజులూ ఈ అర్రలోకి వచ్చిన మనిషి తల ఎత్తడం అదే మొదటిసారి.

ఎప్పుడూ మంచం ఉండే చోటికి సరిగ్గా పైన స్లాబు స్లాబులా లేదు. సిమెంటంతా ఊడిపోయి తుప్పు పట్టిన ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. చుట్టూ పెచ్చులు ఉబ్బి, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు వేలాడుతున్నాయి. చువ్వల మీదుగా నీళ్లు కారి కింద పెట్టిన తపేలాలో పడుతున్నాయి. తలుపు మూలన తట్టలో పొద్దున ఎత్తిపోసిన పెచ్చులున్నాయి. అన్నింటికంటే పైనున్నది జొన్నరొట్టె అంత ఉంది.

నిరోష దాన్ని రెండు చేతులా ఎత్తి చూపించింది. పొద్దున చాయ్ పెడుతుంటే పడిందట. మామ చెవి పక్క, తలగడ మీద. ఒక్క బెత్తెడు ఇటు పడితే ఇప్పుడు శ్యామలమ్మ భయపడ్డదంతా నిజమయ్యేది. ఉన్నదొక్కటే అర్ర. పొయ్యి మూలకే కప్పు గట్టిగా ఉంది, అక్కడ మంచం పట్టదు. అందుకని మామను చాప మీదికి మార్చింది. చాప పరవడానికి జాగా చాలక మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. మల్లేష్ అప్పటికే మిల్లుకు పోయాడు. అతనికీ ఈ సంగతి ఇప్పుడే తెలిసింది.

మల్లేష్ తలుపు దగ్గర నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. జోడించిన చేతులు ఎప్పుడు విడిపోయాయో అతనికే తెలియదు.

"నాకు జెప్పొద్దా?" అంది శ్యామలమ్మ. 

"చెప్పిన. స్లాబు ఉరుస్తున్నదని మొదటి వాన పడ్డప్పుడే జెప్పిన. మీరేమన్నరు? వానకాలం అన్నంక ఉరవదా అన్నరు."

శ్యామలమ్మకు ఆ మాట గుర్తుంది. గుర్తున్నట్టు ముఖం చెప్పేసింది. తట్ట దగ్గరికి పోయి ఒక పెచ్చును చేత్తో నొక్కి చూసింది. పొడి పొడి అయింది. కట్టించినప్పుడు మేస్త్రీ నెత్తిన కూర్చుని పని చేయించుకున్నానని ఊరంతా చెప్పుకునే ఇల్లు ఇది. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, గేటు వైపు చూసింది. మంచాన్ని లోపలికి తెమ్మని ఆ నోట ఒక్క మాట వచ్చేదే. వచ్చి ఉంటే కథ మరోలా ఉండేది.

అప్పుడే కమలాకర్ దుకాణం నుంచి మళ్లీ వచ్చి అర్రలోకి అడుగుపెట్టాడు. ఇంకా గొడవేనా అంటూ వచ్చినవాడు, అందరూ పైకి చూస్తుంటే తానూ చూశాడు. అతను వ్యాపారం చేసే మనిషి. ఏ సరుకైనా ఎటు తిప్పితే లాభమో అతనికి వెంటనే తెలిసిపోతుంది.

"అరె, ఇది ఇంత పాడయిందా," అన్నాడు. "గిట్లుంటే మీరుండుడే ప్రమాదం మల్లేష్. రేపు ఎవరికన్న ఏమన్న అయితే పేరు మాకొస్తది. ఇప్పుడే ఖాళీ చెయ్యుండ్రి. నేను కోపంతోటి అంటలేను. మీ మంచికే చెప్తున్న."

శ్యామలమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు ఆమె వైపు చూసి తల ఊపాడు, సమస్య తీరిపోయిందన్నట్టు. ఆమె నోటి దాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. కప్పు చూడలేదని ఇప్పటిదాకా తప్పు తమది. కప్పు చూశాక అదే కప్పు వాళ్లను వెళ్లగొట్టడానికి పనికొచ్చింది. ఇంత సిగ్గులేని తెలివి ఎక్కడ దొరుకుతుందో గాని ఇంటి ఓనర్లకు మాత్రం కరువు లేదు.

నిరోష నోరు తెరిచింది. ఆమెకంటే ముందు మల్లేష్ మాట్లాడాడు.

"మా మంచికా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

కమలాకర్ ఔనన్నాడు. మల్లేష్ అతన్ని దాటుకుని బయటికి నడిచాడు. గేటు బయటికి పోయి, వంగి, తండ్రి తలాపు వైపు మంచం పట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు. నిరోష వెనకే పోయి కాళ్ల వైపు పట్టుకుంది. ఎటు పోదామని ఆమె అడగలేదు. అతను చెప్పలేదు. ఇద్దరి మధ్యా ఇందాకటి మాటల వేడి ఇంకా అలాగే ఉంది. కాని మంచం మాత్రం ఒక్కసారే లేచింది.

గేటు ఒంటి రెక్కే తెరిచి ఉంది. మంచం పట్టదు. యాదమ్మ గబగబా వచ్చి గొళ్లెం లాగి రెండో రెక్క తెరిచింది. ఈసారి ఆమెను ఎవరూ పట్టుకోమనలేదు. తరువాత కాళ్ల వైపు నిరోష పక్కన చేరి తానూ ఒక చెయ్యి వేసింది.

వాటాల వైపు తిరగాల్సిన చోట మల్లేష్ తిరగలేదు. నేరుగా పెద్దింటి మెట్ల వైపు నడిచాడు.

ఎటు, ఎటు అంటూ కమలాకర్ వెనక పడ్డాడు. మంచం ఎత్తినవాళ్లను లాగితే మంచం మీది మనిషి పడతాడు. పొద్దున మోసినప్పుడు రాని ఈ ఆలోచన కిటికీల్లోంచి ఇంతమంది చూస్తున్నప్పుడు వచ్చింది. ఊరికే చేతులు ఊపాడు. శ్యామలమ్మ మోకాళ్ల నొప్పి మరిచి పక్క మెట్ల మీదుగా వాళ్లకంటే ముందే పైకి పోయింది. హాలు గుమ్మంలో నిలబడి రెండు వైపులా చేతులు చాపి ద్వారబంధం పట్టుకుంది.

మంచం వరండాలోకి వచ్చింది. గుమ్మానికి ఎదురుగా దించారు. పెద్దులు వెంట్రుకల నుంచి నీళ్లు కారి నున్నటి బండల మీద పడ్డాయి.

తలుపు బార్లా తీసి ఉంది. అయినా నిరోష ముందుకు పోయి, శ్యామలమ్మ భుజం పక్కనున్న తలుపు రెక్క మీద వేళ్లతో మెల్లగా తట్టింది. ఒకసారి తట్టి ఆగింది. మళ్లీ తట్టింది.

"పెద్దమ్మా," అంది. "ఇల్లు చూడనీకొచ్చినం. మీరు ఇంట్ల ఉన్నప్పుడే వచ్చినం, తలుపు తట్టే వచ్చినం. లోపట స్లాబు గట్టిగున్నదా? మా కప్పు బాగైనదాంక మామను ఈడ పండబెడుతం."

శ్యామలమ్మ చేతులు ద్వారబంధం మీద అలాగే ఉన్నాయి. వెనక హాలులో ఫ్యాను తిరుగుతోంది. తెల్లటి సున్నం వేసిన కప్పు మీద ఒక్క మరక కూడా లేదు. నిరోష దాన్ని చూసింది. నిరోష చూస్తున్నదని శ్యామలమ్మ చూసింది.

కమలాకర్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరికి చేస్తున్నాడో చెప్పలేదు.

అప్పుడు మంచం మీద పెద్దులు చెయ్యి కదిలింది. నిరోష వంగింది. కొన్నాళ్లుగా పెదవుల దగ్గరే ఆగిపోతున్న మాట ఇప్పుడు అందరికీ వినిపించేంత స్పష్టంగా వచ్చింది.

"కిందికి దింపు బిడ్డా."

మల్లేష్ తండ్రి ముఖం చూసి, అక్కడే నేల మీద కూలబడ్డాడు. యాదమ్మ పొద్దునటి తప్పంతా ఇప్పుడే బరువైనట్టు గోడకు ఆనుకుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్న కమలాకర్ అవతలివాళ్లు హలో అంటున్నా పలకలేదు. కిందికి దింపమంటే ఏమిటో అక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. ఈసారి పెచ్చులు లేవు, జాగా చాలకపోవడం లేదు, పొరపడడానికి ఏమీ లేదు.

నిరోష మామ చెయ్యి వదలకుండా తలెత్తి శ్యామలమ్మ వైపు చూసింది. అత్తను, మామను, భర్తను కిందికి దింపించిన ఆ మనిషి ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆమె చేతులు ఇంకా దిగలేదు.